నడుముకు చుట్టిన జింక తోలు

మా బాపు ఉబ్బసంతోనే పోయాడు. ఆ మరుసటి చలికాలానికి నాకూ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పొలం అన్నకూ నాకూ చెరిసగం వచ్చింది కానీ, ఇది మాత్రం మొత్తం నా వాటాకే పడింది.

కామారెడ్డిలో యోగం నేర్పే ముసలి పంతులు నా వీపుకు చెవి ఆనించి విన్నాడు. "ప్రాణాయామం చెయ్యాలె బిడ్డా. వట్టి నేల మీద కూసోవద్దు. జింక తోలన్న, దర్భాసనమన్న తెచ్చుకో" అన్నాడు.

దర్భ అనగానే ఇంట్లో అవ్వ చేట కింద పెట్టింది. "మన ఇంట్లకు దర్భ వచ్చింది మీ బాపు దినాలకే. మల్ల తెస్తవారా?"

ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇక మిగిలింది తోలు.

ఎల్లారెడ్డిలో అన్న దోస్తు ఇంటి గోడకు పాత జింక తోలొకటి వేలాడుతుండేది. ఇస్తూనే అతను భయపెట్టాడు. "తొవ్వల జంగ్లాత్ నాకా ఉన్నది, అడవి జవాన్లు బస్సాపి మూటలు ఎతుకుతరు. సూస్తే వేటాడినవని లోపలేస్తరు."

"నన్ను సూస్తే జింకనే నన్ను వేటాడెటట్టున్నది గదనే" అన్నాను. నవ్వింది నేనొక్కణ్నే.

అన్న ఆ తోలును అంగీ కింద నా నడుము నుంచి చంకల దాకా చుట్టి, తాడుతో బిగించాడు. "గట్టిగ కట్టిన. జారది."

నిజమే, జారలేదు. మేమెక్కిన బొగ్గుతో నడిచే బస్సు నాకా దగ్గర ఆగేసరికి నా ఊపిరి కూడా లోపలికి జారడం మానేసింది. అడవి జవాను ఎక్కి మూటలను కర్రతో పొడుస్తూ మా వైపు వస్తున్నాడు. నా ఛాతీ కూయడం మొదలుపెట్టింది. ఆపుదామంటే ఇంకా గట్టిగా కూసింది.

"ఏమైందిరా పోరనికి?"

"ఉబ్బసం, సాబ్" అన్నాడు అన్న.

"మరి సూస్తవేంది? అంగీ ఇప్పు, గాలి తగలనియ్యి!"

అంత దయగల మనిషిని చూసి అంతగా భయపడటం నాకు అదే మొదలు. అన్న కదల్లేదు. నా కళ్ల ముందు బస్సు నల్లబడుతోంది. చివరి రోజున బాపు పెదవులకు వచ్చిన నీలిరంగు నా గోళ్లలో కనబడింది. అది అన్నకూ కనబడినట్టుంది. జైలు సంగతి మరిచి అంగీ చించి, తాడు పళ్లతో కొరికేశాడు. తోలు జారి జవాను కాళ్ల మీద పడింది.

జవాను తోలును చూశాడు, నన్ను చూశాడు. "ముందు కిందికి దించుండ్రి" అన్నాడు.

ఎవరో రోడ్డు పక్కన గొంగడి పరిచారు. చాలాసేపటికి ఊపిరి తిరిగింది. తోలు జవాను చంకలోకి పోయింది. కేసు మాత్రం రాయలేదు. నాలాంటి వేటగాణ్ని కచేరీలో చూపిస్తే తన నౌకరికే మోసం వస్తుందనుకున్నాడేమో.

పంతులు ముందు ఇంట్లోని పాత గొంగడే పరుచుకున్నాను. ఆయన కాదనలేదు. "కండ్లు మూసుకో. ఊపిరి మెల్లగ ఇడువు" అన్నాడు.

విడిచాను. కళ్లు మాత్రం మూయలేదు. గడప బయట అన్న నా గోళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.