దేవుడి గదిలో రాచెట్టు

నా తెలివితేటల వల్ల ఒకే మధ్యాహ్నం ఒక కోత మిషను, మూడెకరాల వరి, ఒక టిఫిను గిన్నె, నా పరువు ప్రమాదంలో పడ్డాయి. వీటిలో ఏవి బతికి బయటపడ్డాయో చివరికి మీకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. ఇందులో నన్ను వెనకేసుకు రావడానికి ఎక్కడా సందు లేదు. మా అమ్మే ప్రయత్నించి మానుకుంది.

నేను మెకానిక్కుని. గుడివాడలో పామర్రు వెళ్ళే రోడ్డు మీద నా షెడ్డు. ట్రాక్టర్లు, ఆయిలింజన్లు, కోతల రోజుల్లో కోత మిషన్లు బాగుచేస్తాను. పని నేర్చుకున్నది బందరులో బాజీ మేస్త్రీ గారి దగ్గర. ఆయన కుడిచేతి కణుపుల నిండా మచ్చలే. నాసిరకం పానా నట్టు మీంచి జారితే, దాని వెనకే మన చెయ్యి వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటుంది. ఇది ఫలానా ట్రాక్టరు, ఇది ఫలానా పడవ ఇంజను అని ఒక్కో మచ్చకీ ఆయన ఒక కథ చెప్పేవారు. ఆయన దగ్గర ఫారిన్ పానా ఒక్కటంటే ఒక్కటే ఉండేది. నేను పుట్టకముందు కొన్నదట. మసి పట్టి నల్లగా ఉండేదిగానీ, నట్టుని పట్టుకుందంటే విప్పేదాకా వదిలేది కాదు. పదేళ్ళపాటు ఆ పానాని చూసి చూసి నాకూ అలాంటి ఆశ పుట్టింది.

ఆ ఆశ అలా ఉండగానే నా పానా ఒకటి జారి రెండు వేళ్ళు వాచిపోయాయి. వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. నాకు ముద్దలు పెట్టి పెట్టి విసుగొచ్చి, మంచి సామాను కొనుక్కోమని మా ఆవిడే అంది. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాడిలా మర్నాడే ఆర్డరు పెట్టాను. ధర మాత్రం అడక్కండి. ఆవిడకి అప్పుడు చెప్పిన ధర వేరు, ఇది ఆవిడ కూడా చదువుతుంది.

వచ్చింది ఎర్ర పెట్టె. మూత తీస్తే నల్లటి స్పాంజిలో ఇరవై నాలుగు సాకెట్లు, అంటే నట్టు తలకి టోపీలా తొడిగే ఇనప గొట్టాలు, ఒక్కోదానికీ ఒక్కో గూడు. మధ్యలో మహారాజులా పడుకున్న రాచెట్టు పిడి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, రాచెట్టు అంటే ఒకవైపు తిప్పితే నట్టుని గట్టిగా పట్టుకుని, రెండోవైపు తిప్పితే కటకటమంటూ ఖాళీగా వెనక్కి వచ్చే పిడి. ఆ కటకట విని నేను నిద్రలో కూడా నవ్వేవాణ్ణని మా ఆవిడ అంటుంది. పెట్టె చూడ్డానికి వచ్చినవాళ్ళని ముందు చేతులు కడుక్కోమనేవాణ్ణి. మెకానిక్ షెడ్డులో!

బాజీ మేస్త్రీ గారు బందరు నుంచి పనిగట్టుకుని వచ్చి చూశారు. రాచెట్టుని అటూ ఇటూ తిప్పి, వెలుతురులో పెట్టి, మెచ్చుకోలుగా తలాడించారు.

"సరుకు మంచిదిరా శీనూ. పెట్టిన డబ్బుకి అన్యాయం చెయ్యదు. ఇంతకీ దీన్ని వాడతావా, హారతిస్తావా?"

"రెండూనండి" అన్నాను నేను. అక్కడికి అదేదో గొప్ప జవాబైనట్టు.

ఆ తర్వాత నెలకి దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మేము పనిముట్లు ముట్టుకోం. మేస్త్రీ గారి షెడ్డులోనూ అంతే. ఆయన నమాజు ఆయనది. అయినా ఏటా బజారుకి వెళ్ళి బంతిపూల దండలు తెచ్చేది ఆయనే. కుర్రాళ్ళందరికీ మిఠాయి పంచేదీ ఆయనే. పనిముట్లన్నీ శుభ్రంగా తుడిచి, వరసగా పేర్చి, ఒక్కోదానికీ చిన్న బొట్టు పెట్టేవాళ్ళం. మర్నాడు పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి పనిలోకి దిగేవాళ్ళం. ఇదంతా పదేళ్ళు నా కళ్ళతో చూశాను. చూసి ఏం నేర్చుకున్నానో ఇప్పుడు వినండి.

మామూలు పానాలకి చిన్న బొట్టు సరిపోతుందిగానీ, ఇంత గొప్ప పెట్టెకి అలా మొక్కుబడిగా చేస్తే బాగుంటుందా అనిపించింది. పెట్టెని ఇంటికి పట్టుకెళ్ళి దేవుడి గదిలో పీట మీద పెట్టాను. సాకెట్లన్నిటికీ పసుపు నీళ్ళతో స్నానం చేయించాను. బయట ఒక్కటే బొట్టు పెడితే లోపలికి చేరదేమోనని ప్రతి సాకెట్టు కడుపులోనూ వేలు పెట్టి గంధం, కుంకుమ మెత్తాను. ఇక రాచెట్టు. దాని ప్రాణమంతా లోపలున్న పళ్ళచక్రంలో ఉంటుంది కదా. అందుకని ఆ సందులో నువ్వుల నూనె పోసి, పైన పసుపు వేసి, మళ్ళీ నూనె పోశాను. కొబ్బరికాయ దాని మీదుగా కొట్టాను. నిమ్మకాయ దిష్టి తీసి దాని మీదే పిండాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ఇది పూజా, పులిహోర కలపడమా అని అడిగింది. ఆవిడకి భక్తి తక్కువ అనుకున్నాను.

పూజ అయ్యాక పెట్టె మూసి ఎర్రగుడ్డలో చుట్టాను. ఇక బోణీ చెయ్యాలి. చిన్నా చితకా పనితో బోణీ చెయ్యడానికి మనసొప్పలేదు. గేరుబాక్సు వస్తే ఇది దాని స్థాయి కాదనుకున్నాను. ఇంజను వస్తే మరీ పాత ఇంజను అనుకున్నాను. అలా ఆరు వారాలు నా పాత పానాలే చాకిరీ చేశాయి, కొత్త పెట్టె దేవుడి గదిలో విశ్రాంతి తీసుకుంది. మధ్యలో ఒకసారి దానికి చీమలు పట్టాయి. అది కూడా శుభమే అనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఫోను. నాగాయలంక దగ్గర పొలంలో నా దగ్గర రిపేర్లు చేయించుకునే ఒకాయన కోత మిషను ఆగిపోయిందని డ్రైవరు రాంబాబు చేశాడు. ధాన్యాన్ని పైకి లాగే గొలుసు తెగిందట. కొత్త గొలుసు తన దగ్గరే ఉందట, విప్పి మార్చేవాడే కావాలన్నాడు. సాయంత్రానికి వాన మొదలవుతుందని టీవీలో చెబుతున్నారనీ, పొలం ఆసామీ ఏడవడం ఒక్కటే తక్కువనీ అన్నాడు.

ఇదీ బోణీ అంటే అనుకున్నాను. పాత పానాల సంచి తీసుకెళ్ళనా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, మహారాజు పక్కన కూలీలెందుకని వదిలేశాను. ఎర్ర పెట్టెని బండి ట్యాంకు మీద తువ్వాలుతో కట్టుకుని పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటుకుంటూ వెళ్ళాను. దారిలో ఎవరైనా చూస్తున్నారా అని కూడా చూసుకున్నాను.

పొలం మధ్యలో మిషను నిలబడి ఉంది. సముద్రం వైపు ఆకాశం నల్లబడుతోంది. గట్టు మీద కరుణమ్మ గారని ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. మూడెకరాలు కౌలుకి చేస్తున్నారు. సగం కోశారు, సగం నిలబడి ఉంది.

"పోయినేడు ఇట్టాగే కోతల ముందు వాన పడి కంకులన్నీ మొలకలొచ్చినయి నాయనా" అన్నారావిడ. "ఎవరూ కొనలేదు. ఆ బియ్యం ఏడాదంతా మేమే తిన్నాం. ఈ ఏడు కూడా అట్టా అయితే నేనిక చెయ్యలేను."

నవ్వుతూ బయల్దేరినవాణ్ణి ఆ మాటతో కాస్త దిగొచ్చాను. అయినా నా దగ్గర పెట్టె ఉంది కదా. విప్పాల్సినవి ఆరు బోల్టులు. అన్నీ లోతుగా గుంటల్లో ఉన్నాయి. మామూలు పానా తల దూరదు, సాకెట్టు ఒక్కటే వెళ్తుంది. కరుణమ్మ గారూ, రాంబాబూ చూస్తుండగా ఎర్రగుడ్డ విప్పి, మూత తీశాను.

గుప్పుమని కుళ్ళిన కొబ్బరి వాసన.

సాకెట్టు బోల్టు మీద కూర్చోలేదు. లోపల కుంకుమ, గంధం ఎండి రాయిలా గట్టిపడ్డాయి. పుల్లతో గోకి ఎలాగో కూర్చోబెట్టి రాచెట్టు తగిలించాను. కటకట లేదు. ఎడమకి తిప్పితే ఎడమకి తిరిగింది, కుడికి తిప్పితే కుడికి తిరిగింది. దేన్నీ పట్టుకోదు. అందరికీ తలూపే పెద్దమనిషిలా తయారైంది.

రాంబాబు సీటు కింద నుంచి సుత్తి, ఉలి తీశాడు. వాటితో కొడితే బోల్టుతోపాటు ఇనప తొడుగు కూడా పగులుతుందని అతన్ని ఆపాను. మేస్త్రీ గారికి ఫోను చెయ్యాలని తెలుసు. చెయ్యడానికి సిగ్గేసింది. ఇంతలో పెట్టె మూత మీద జీవితకాల గ్యారంటీ అని, దాని కింద ఒక నంబరు కనిపించాయి. చేశాను. ఒకమ్మాయి చక్కటి తెలుగులో పలికింది.

"ప్రోడక్టుని ఎన్నిసార్లు వాడారు సార్?"

"ఒక్కసారి కూడా వాడలేదండి."

"ఏ ప్రదేశంలో ఉంచారు సార్?"

"దేవుడి గదిలోనండి."

అమ్మాయి అదీ రాసుకుంది. "లోపలికి ఏమైనా లిక్విడ్ వెళ్ళిందా సార్?"

"పసుపు నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, నువ్వుల నూనె వెళ్ళాయండి. నిమ్మరసం కూడా, కొద్దిగా."

అమ్మాయి రాసుకోవడం మానేసింది. "సార్, ఇది టూల్స్ కస్టమర్ కేర్ అండి" అంది చాలా మర్యాదగా.

కరుణమ్మ గారు అంతా విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నీకు పని నేర్పినాయన ఉండే ఉంటాడుగా, ఆయన్ని అడుగు నాయనా. మబ్బు వచ్చేస్తోంది" అన్నారంతే. తిట్టినా బాగుండేది. ఆవిడ చూపంతా నిలబడ్డ పైరు మీదే ఉంది. నా సిగ్గు కోసం ఆవిడ పంట ఆగాలా అని అప్పుడు నిజంగా నా మీద నాకే అసహ్యం వేసింది. మేస్త్రీ గారికి ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మిషన్లో డీజిల్ ఉందా?"

"ఉందండి."

"అందులో నానబెట్టి బ్రష్షుతో తోము. పళ్ళు కదిలేదాకా తిప్పుతూనే ఉండు. పాడవలేదురా అది, గొంతు పూడుకుపోయిందంతే" అని, మళ్ళీ అన్నారు. "దండ మెడలో వేస్తార్రా శీనూ. గొంతులో కుక్కరు."

డీజిల్ పట్టడానికి గిన్నె లేదు. కరుణమ్మ గారు తన టిఫిను విప్పారు. అందులో మధ్యాహ్నం తినకుండా ఉంచుకున్న పెరుగన్నం ఉంది. దాన్ని గట్టు మీద కాకులకి వేసి, గిన్నె తుడిచి నాకిచ్చారు. రాంబాబు పళ్ళు తోముకునే బ్రష్షు ఇచ్చాడు. డీజిల్ మొదట పచ్చబడి, తర్వాత ఎర్రబడి, చివరికి ముద్దపప్పు రంగుకి వచ్చింది. రెండుసార్లు మార్చాను. మూడోసారి తిప్పుతుంటే లోపల ఒక్కసారి కట్ మంది. తర్వాత కటకట. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

ఇక్కడ ఆ పెట్టె గొప్పతనం కూడా చెప్పాలి, లేకపోతే పాపం. ఆ ఆరు బోల్టులూ తుప్పు పట్టి ఉన్నాయి. నా పాత సాకెట్టైతే రెండో బోల్టుకే అంచులు అరగదీసి జారిపోయేది. ఇది ఒక్కసారి కూడా జారలేదు. నేను చేసినదంతా భరించి కూడా ఆరింటినీ పట్టుకుని విప్పింది. ఆఖరి బోల్టు చేతికి రాగానే అలవాటుకొద్దీ రాచెట్టుని కళ్ళకద్దుకున్నాను. కరుణమ్మ గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

గొలుసు మార్చాం, మిషను కదిలింది, మిగిలిన సగమూ కోసేసింది. చివరి ట్రక్కు ధాన్యం మీద టార్పాలిను పట్టా కట్టి తాడు బిగిస్తుండగా మొదటి చినుకు పడింది. కరుణమ్మ గారు పట్టా మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేనూ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ గిన్నె మాత్రం బతకలేదు. ఎన్నిసార్లు తోమినా డీజిల్ వాసన పోలేదట. తర్వాత వారం కొత్త క్యారేజీ పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాను.

అంత ఖరీదు పెట్టి పనిముట్లు కొనడం దండగ కాదా అని ఇప్పటికీ కుర్రాళ్ళు అడుగుతుంటారు. కొనండి. మీ వేళ్ళకి మంచిది, బోల్టులకి మంచిది, మీ అన్నం మీరే కలుపుకోవచ్చు. కాకపోతే వచ్చిన రోజే దానికి మసి పట్టించండి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ నన్ను చూసి అద్దం తెచ్చి పట్టుకుంది. రెండు కనుబొమల మధ్య గుండ్రంగా, నల్లగా, ఎవరో కూర్చుని దిద్దినట్టు గ్రీజు బొట్టు. నాగాయలంక నుంచి గుడివాడ దాకా అలాగే వచ్చాను. అందుకని, నా రాచెట్టు మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో దీనికి నేను మళ్ళీ బొట్టు పెట్టను. ఇక నుంచి అదే నాకు పెడుతుంది.