హేమసుందర్ ధర

కంకిపాడు దగ్గర చేపలు ప్యాక్ చేసి పంపే కంపెనీలో హేమసుందర్ ఆపరేషన్స్ మేనేజరు. పేరు వినటానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. ఐసు లారీ రాకపోయినా, కూలీలు రాకపోయినా, ఆఖరికి కరెంటు రాకపోయినా, ఫోను మాత్రం తనకే వస్తుంది.

ఆ ఏడు కంపెనీ వార్షిక నివేదిక అచ్చయి వచ్చింది. అందులో పెద్ద బాసు జయకృష్ణ గారి జీతం చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయనకి ఒక్క ఏడాదిలో వచ్చేది తనకి రావాలంటే ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఆయన కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపు హేమసుందర్ రోజు జీతమంత ఆయనకి వచ్చేసిందన్నమాట!

అసూయేం లేదు. ఉంటే గింటే కాస్త. అతనికి కావలసిందల్లా తల్లి అంకాలమ్మ చేత చేపల బజారు మాన్పించటం. మోకాళ్లు అరిగిపోయినా ఆవిడ ఇప్పటికీ గుణదలలోని ఇంటి నుంచి చేపల గంప ఆటోలో వేసుకుని అమ్మటానికి వెళ్తుంది. ఇంటి ఖర్చులో సగం ఆ గంప మీదే గడుస్తుంది మరి. జీతం పెరిగితే గంప దించేయొచ్చు.

"నలభై శాతం పెంచాలి సార్" అని అద్దం ముందు సాధన చేశాడు. అద్దంలో మనిషి ప్రతిసారీ ఒప్పుకున్నాడు.

తీరా గదిలోకి వెళ్తే జయకృష్ణ గారు స్వయంగా కుర్చీ చూపించి, కాఫీ తెప్పించారు. ఆ మర్యాదకే మనవాడు సగం కరిగిపోయాడు.

"చెప్పండి హేమసుందర్ గారూ, ఎంత అనుకుంటున్నారు?"

"అయ్యో, మీకు తెలియందేముందండీ! మీ ఇష్టం."

ఆయన ఇష్టం ఐదు శాతం. పైగా "మీలాంటివాళ్లు దొరకరండీ" అన్నారు. దొరకరు మరి, ఇంత చవగ్గా! హేమసుందర్ థాంక్స్ కూడా చెప్పి బయటికొచ్చాడు.

ఇంట్లో అంకాలమ్మ మోకాలికి మందు రాసుకుంటూ అంతా విన్నది.

"మీ ఇష్టం అన్నావా? ఓరి నీ మొహమాటం తగలెయ్య! ఆదివారం బజారుకి రా, అడగటం నేర్పిస్తా."

వెళ్లాడు. తల్లి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఒకావిడ శీలావతి చేప మొప్పలెత్తి చూసి, "ఎంతకిస్తావయ్యా?" అంది.

"మీ ఇష్టం అండీ..."

అంకాలమ్మ పొలుసుల చేత్తో కొడుకు నోరు మూసింది. "వాడి మాట పట్టించుకోకండమ్మా. కంపెనీలో మేనేజరు, ధరలు తెలీవు" అని, రూపాయి తగ్గకుండా చేప అమ్మింది.

చుట్టుపక్కల గంపలవాళ్లంతా పగలబడి నవ్వారు. మూతికంటిన పొలుసు తుడుచుకుంటూ హేమసుందరూ నవ్వాడు. కానీ అమ్మ మోకాలు పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడటం చూశాక ఆ నవ్వు నిలవలేదు. సిగ్గేసింది.

"నువ్వింటికెళ్లమ్మా, ఈ పూట నేను కూర్చుంటా."

"నువ్వా? మధ్యాహ్నానికల్లా గంప కూడా ఇచ్చేస్తావు. నీ ధర నీ నోటితో చెప్పటం వచ్చేదాకా నేనే కూర్చుంటాలే" అంటూ ఆవిడ ఇంకో చేప అందుకుంది.