చెవులయ్యకు చెవులొచ్చిన రోజు

ఆయన అసలు పేరు ఆయన కార్ల రిపేరు షెడ్డుకు వచ్చేవాళ్లలో సగం మందికి తెలియదు. అందరికీ చెవులయ్యే. కారు ఇంకా గేటు దాటకముందే, చేస్తున్న పని మీద నుంచి తల ఎత్తకుండా, "ఎడమ చక్రం దగ్గర లింకు రాడ్డు పోయింది, పక్కన పెట్టండి" అనేవాడు. ముందు చక్రాల దగ్గర పుట్టే చప్పుళ్లన్నీ ఆయనకు చుట్టాలే. గుంతలో టకటకమంటే ఒకటి, బ్రేకు వేయగానే టక్కున ఒక్క దెబ్బ కొడితే ఇంకొకటి.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట చెవులు మొరాయించాయి. ముప్పై ఏళ్లు సుత్తి దెబ్బల మధ్య బతికితే అవి మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి? ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవుల పేరు మీద బతికేవాడికి చెవుడంటే నలుగురూ నవ్విపోరూ! వినాల్సిన చోట చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరిని బంపరు పట్టుకుని ఊపమని, తాను బండి కింద దూరి, ఒక్కో కీలు మీదా వేలు ఆనించి ఎక్కడ అదురుతోందో పట్టుకునేవాడు. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు.

ఇంట్లో మాత్రం దొరికిపోయాడు. ఒకరోజు భార్య, "ఏవండీ, మూడు విజిల్స్ వచ్చాయి, స్టవ్ ఆపండి" అని కేకేస్తే, "ముగ్గురొస్తే రానీ, కూర్చోబెట్టు" అన్నాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. వారం తిరిగేసరికి రెండు చెవుల వెనకా చిక్కుడు గింజంత మిషన్లు వచ్చి కూర్చున్నాయి.

క్లినిక్ మెట్లు దిగుతూ చెవులయ్య టక్కున ఆగాడు.

"ఏమిటా చప్పుడు?"

"మీ చెప్పులు."

"ఇవి ఇలా అరుస్తాయా?"

"కొన్న రోజు నుంచీ. వీధి వీధంతా వింటోంది, మీరు తప్ప."

ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం? తాళాలు గలగలలాడించాడు. మందుల చీటీ నలిపి చెవి దగ్గర పెట్టుకుని ఆనందించాడు. బస్సు బ్రేకు వేసి కీచుమంటే, "అబ్బ, ప్యాడ్లు అరిగిపోయాయి!" అంటూ నడిరోడ్డులో చప్పట్లు కొట్టాడు. "కాస్త పెద్దమనిషిలా నడవండి" అంది భార్య, తనకూ నవ్వాగక. ఇంటికి పోదామంటే వినలేదు. ఆమెను కూడా వెంటబెట్టుకుని తిన్నగా షెడ్డుకు నడిచాడు.

అక్కడ సంగీతం టీచరమ్మ కారుతో ఎదురుచూస్తోంది. మూడు షెడ్లు తిరిగిందట. ముందు చక్రాల షాకబ్జర్లు, బుష్‌లు, లింకులు అన్నీ మార్పించినా చప్పుడు వదల్లేదట.

"ఎలా వస్తోందమ్మా?"

ఆమె గొంతు సవరించుకుంది. "డుంగ్... ట్రిక్కు. మధ్యలో అర తాళం ఖాళీ. పార్కింగులో స్టీరింగు తిప్పుతుంటే వస్తుందన్నయ్యా."

"మళ్లీ అనండి."

మూడుసార్లు అనిపించుకున్నాడు. ఒక్కసారి సరిపోయేదే. వినబడుతోంది కదా అని అడిగాడంతే!

బండెక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. అక్కడే చిక్కొచ్చింది. సీటు కిచకిచ, డాష్‌బోర్డు గరగర, డిక్కీలో దొర్లుతున్న నీళ్ల సీసా, అన్నీ ఒక్కసారిగా చెవుల మీద పడ్డాయి. తిరిగొచ్చేసరికి కారుకు పదకొండు రోగాలు చెప్పాడు.

"మరి నా చప్పుడు?"

"అది ఈ గుంపులో ఎక్కడో నక్కింది తల్లీ!" అని పగలబడి నవ్వాడు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి చక్రం పక్కన చతికిలబడి, చెయ్యి లోపలికి జాపి స్ప్రింగు మీద ఆనించాడు. "ఇప్పుడు స్టీరింగు మెల్లగా తిప్పండి. ఆ చివర నుంచి ఈ చివరకి." స్ప్రింగు మెలితిరిగి, బిగుసుకుని, ఒక్కసారిగా విదిలించుకుంది. చేతికీ చెవికీ ఒకేసారి తగిలింది: డుంగ్... ట్రిక్కు.

"దొరికావురా దొంగా!"

షాకబ్జరు తలకాయ దగ్గరుండే బేరింగు పట్టేసింది. అన్నీ కొత్తవి వేసిన మహానుభావులు ఆ పాత బేరింగునే మళ్లీ బిగించి పంపారు. మధ్యాహ్నానికల్లా కొత్తది పడింది. టీచరమ్మ స్టీరింగు తిప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెవులయ్య ముఖం పాలిపోయింది. రెండు చేతులతో చెవులు తడుముకున్నాడు.

"ఏమే, ఏమీ వినబడ్డం లేదు!"

"పోయింది మిషను కాదండీ, చప్పుడు!" అంది భార్య.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. ఆయన సిగ్గుపడలేదు సరికదా, జుట్టు పక్కకు తోసి మిషన్లు అందరికీ చూపించాడు. "మూడేళ్లు దాచాను. ఇంత సరదాగా ఉంటుందని తెలిస్తే అప్పుడే పెట్టించుకునేవాణ్ణి" అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ తమ పాత కారులో ఇంటికి బయల్దేరారు. మొదటి గుంతలోనే ముందు భాగమంతా డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు మోగింది.

"మన బండి ఇలా ఉందని చెప్పలేదేం?"

"రోజూ చెప్పాను. మీరు ఔనౌనని తల ఊపేవారు."

చెవులయ్య ఫక్కున నవ్వాడు. "సరే, ఇప్పుడు చెప్తా విను. ఇది కుడి బుష్. ఇదిగో, ఇది లింకు. అయ్యో, ఇదేంటే?" ఇంటి వైపు తిరగాల్సిన చోట తిరగకుండా, గుంతలు ఎక్కువున్న రోడ్డు వైపు స్టీరింగు తిప్పాడు. ఆమె ముందున్న పిడి గట్టిగా పట్టుకుని, "కానివ్వండి" అంది.