నొప్పి తగ్గిందన్న ఫోను

2020 వేసవిలో మా ఆయన నాకు కనుచూపు మేరలోనే ఉండేవారు. కానీ కలిసే దారి లేదు. నేను గల్ఫ్‌లో, ఫుజైరా అనే రేవు ఊళ్లో ఒక ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుని. ఆయన, సముద్రంలో లంగరేసిన పెద్ద ఓడలకు ఆయిలు పోసే చిన్న ట్యాంకర్లో ఫిట్టరు. అంతకుముందు పని మధ్యలో అప్పుడప్పుడూ ఒడ్డుకు వచ్చి వెళ్లేవారు. కరోనా వచ్చాక ఎవరినీ ఓడ దిగనివ్వలేదు. ఆయన కాంట్రాక్టు అయిపోయి చాలాకాలమైనా, ఆయన బదులు రావాల్సిన మనిషి ఎక్కడో ఆగిపోయాడు. సాయంత్రం డ్యూటీ దిగి నేను ఒడ్డున నిలబడితే ఆయన ఫోన్లో, "ఎర్ర ఓడకి ఎడం పక్కది మాదే, కనబడిందా?" అనేవారు. కనబడిందనేదాన్ని. నిజానికి నాకు అన్నీ ఒక్కలాగే ఉండేవి.

ఒక శుక్రవారం పొద్దున ఆయన గొంతు తేడాగా ఉంది.

"నిన్న బొడ్డు చుట్టూ నొప్పొచ్చిందే. ఇప్పుడు కుడిపక్కకి దిగింది. నిలబడలేకపోతున్నాను."

"వాంతులయ్యాయా? జ్వరం ఉందా?"

"ఉంది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆ రోజుల్లో జ్వరం అన్న మాట వింటే చాలు, ఓడ మొత్తాన్ని దూరం పెట్టేవారు. కానీ నాకు ఆ నొప్పి తెలుసు. "అది అపెండిక్స్ అండీ. వెంటనే కెప్టెన్‌కి చెప్పండి" అన్నాను. ఆయన చెప్పారు. కెప్టెన్ ఆయన్ని ఒక గదిలో విడిగా ఉంచి ఒడ్డునున్న ఏజెంటు ఆఫీసుకి కబురు పెట్టాడు. టెస్టు చేసేవాళ్లు రేపు వస్తారు, ఫలితం వచ్చాకే దింపుతాం అని జవాబు.

మా వార్డు డ్యూటీ సర్జన్‌కి ఫోన్ చేశాను. "ఒడ్డుకు తీసుకురండి, నేను సిద్ధంగా ఉంటాను. సముద్రం నా చేతుల్లో లేదు కదా సిస్టర్" అన్నాడు.

నా పక్క గదిలో మా సీనియర్ నర్సు ఉండేది. నరసాపురం దగ్గరావిడ. వార్డులో తెలుగువాళ్లందరం అక్క అనేవాళ్లం. ఆవిడ ప్రార్థన చేస్తుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. మా ఇంట్లో ప్రార్థనంటే గొంతు తగ్గించి, తల వంచి, ప్రతి వాక్యం చివర "నీ చిత్తమైతే" అని చేర్చడం. ఆవిడది అలా కాదు. కన్నతండ్రిని కండువా పట్టుకుని నిలదీస్తున్నట్టుండేది.

ఆ పొద్దున సంగతి చెప్పగానే ఇద్దరం మోకరించాం. నేను అలవాటు ప్రకారం "ప్రభువా, నీ చిత్తమైతే" అని మొదలుపెట్టాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆయన చిత్తం ఆయనకి తెలుసులేవే. ముందు నీకేం కావాలో నోరు తెరిచి అడుగు."

"మా ఆయన్ని ఈ రోజు ఒడ్డుకి తీసుకురా తండ్రీ. రేపు కాదు. ఈ రోజే" అన్నాను. అన్నాక నాకే భయమేసింది. దేవుడికి గడువు పెట్టడానికి నేనెవర్ని?

అప్పట్లో చర్చిలు మూసేసి ఉండేవి కాబట్టి మధ్యాహ్నం ప్రార్థన కూడిక ఫోన్లోనే జరిగేది. అందరూ ఆయన కోసం ప్రార్థిస్తుండగా ఆయనే ఫోన్ చేశారు. నవ్వుతున్నారు.

"నొప్పి తగ్గిపోయిందే! ఉన్నట్టుండి తీసేసినట్టు పోయింది. నీ ప్రార్థన విన్నాడు."

పక్కన అక్క ఫోన్లో ఉన్న కూడికవాళ్లందరికీ ఆ మాట వినిపించింది. స్తోత్రం, హల్లెలూయా అని కేకలు. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను మాత్రం ఫోన్ చెవికి ఇంకా అదుముకున్నాను.

"మీ పొట్ట నొక్కి చూడండి. మెత్తగా ఉందా?"

"లేదు. గట్టిగా ఉంది. బల్లలాగా."

మా వార్డులో చూశాను. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు నొప్పి మాయమౌతుంది. మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. ఆ తర్వాత చీము పొట్టంతా పాకుతుంది. ఆయన సంతోషం పాడుచెయ్యడానికి నోరు రాలేదు. "ఏమీ తినకండి, నీళ్లు కూడా తాగకండి, పడుకోండి" అని మాత్రం చెప్పి పెట్టేశాను.

"పాట ఆపమనండి అక్కా. అది స్వస్థత కాదు. పగిలింది."

ఫోన్లో పాట ఆగింది. ఒకావిడ, "అలా అవిశ్వాసంగా మాట్లాడకమ్మా, దేవుడు చేసిన మేలు పోగొట్టుకుంటావు" అంది. ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. ఆవిడ మాట పట్టుకుని నేనూ పాడుకుంటూ కూర్చుంటే ఎంత హాయి!

అక్క కసిరింది. "ఆ పిల్లకి తెలిసే చెప్తోంది. దేవుడు ఇవ్వకముందే ఇచ్చాడని చెప్పి లేచి వెళ్లిపోతామా? మీరు అడుగుతూ ఉండండి. నువ్వు లే, చెప్పులేసుకో."

టాక్సీలో పోర్టు వైపు బయలుదేరాం. అక్క మాస్కు లోపల నుంచే పైకి ప్రార్థన చేస్తోంది. ముసలి పఠాన్ డ్రైవరు రేడియో కట్టేసి, "దువా? కరో బెహెన్, కరో" అన్నాడు, ప్రార్థనైతే చేసుకో చెల్లీ అని.

ఏజెంటు ఆఫీసులో శుక్రవారం సెలవు కాబట్టి అద్దం వెనకాల ఒక్క గుమస్తా ఉన్నాడు. "కల్ టెస్ట్ హోగా. ఫిర్ దేఖేంగే. ఖలాస్" అన్నాడు, రేపు టెస్టయ్యాకే చూస్తాం, అంతే అని. ముదీర్‌కి, అంటే వాళ్ల మేనేజరుకి, ఫోన్ చెయ్యమన్నాను. సెలవన్నాడు. మళ్లీ అడిగాను. వెళ్లమన్నాడు. బయట గోడ నీడన అక్క కళ్లు మూసుకుని నిలబడి ఉంది. వెళ్లి ఆవిడ పక్కన నిలబడి "తండ్రీ, ఈ మనిషి మనసు మార్చు" అని అడిగేదాన్ని. మళ్లీ లోపలికెళ్లి అద్దం మీద తట్టేదాన్ని. ఎన్నిసార్లు తిరిగానో తెలీదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ గొంతెత్తని దాన్ని, చివరికి అరిచాను.

"రేపు టెస్టు చెయ్యడానికి అక్కడ మనిషి ఉండడు భాయ్! సమజ్ రహే హో?"

అతను నన్ను చూసి, ఫోన్ తీసి ముదీర్‌కి కలిపి, స్పీకరు పెట్టి అద్దం కింద సందులోంచి నా ముందుకి తోశాడు. అటువైపు పిల్లల అల్లరి వినిపిస్తోంది. భోజనం మధ్యలో లేపినట్టున్నాం.

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. భార్యని. మా డాక్టరుతో మాట్లాడండి" అని నా ఫోన్లో సర్జన్‌ని కలిపి రెండు ఫోన్లూ దగ్గర పెట్టాను. వాళ్లిద్దరూ అరబీలో మాట్లాడుకున్నారు. నాకు జ్వరం, కరోనా, రెండు మాటలే తెలిశాయి. చివరికి ముదీర్ గుమస్తాతో హిందీలో, "యల్లా, త్వరగా పడవ పంపు. బాధ్యత నాది" అన్నాడు.

పడవ వెళ్లింది. ఆ మధ్యాహ్నం సముద్రం మీద తేమ పొర కమ్మి ఏ ఓడా కనబడలేదు. ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. మోగి మోగి ఆగిపోతోంది. నేను అడుగుతూనే ఉన్నాను. మాటలు అయిపోయాయి, "తీసుకురా, తీసుకురా" అన్న ఒక్క మాటే మిగిలింది.

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. తెల్లసూట్లు తొడుక్కున్నవాళ్లు ఆయన్ని స్ట్రెచర్ మీద దింపారు. మమ్మల్ని కంచె దాటనివ్వలేదు. మొహం బూడిదలా ఉంది. "ఏవండీ!" అని అరిచాను. తల తిప్పలేదు.

ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే అయింది. పొట్ట నిండా చీము ఉందని, ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదని సర్జన్ అన్నాడు. కరోనా లేదని తేలేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు. నా సొంత ఆసుపత్రిలో, తలుపు అద్దంలోంచి ఆయన పాదాలు మాత్రం చూసేదాన్ని. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఐసీయూలో చాలా రోజులు అటా ఇటా అన్నట్టున్నారు. బతికారు. ఇప్పుడు ఒడ్డునే ఒక వర్క్‌షాపులో పని చేస్తున్నారు. సముద్రం వైపు మాత్రం వెళ్దామనరు.

ఆయన ఇంటికొచ్చాక ఒకరోజు టీ తాగుతూ అక్కని అడిగాను. "ఆ ముదీర్ ఒప్పుకోకపోతే?"

"ఇంకో గుమ్మం ఎక్కేవాళ్లం."

"ఈయన పోయుంటే?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. "ఏడ్చేదాన్ని. దేవుడితో పోట్లాడేదాన్ని. మర్నాడు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లేదాన్ని. ఇంకెక్కడికి పోతానే? అడిగినవన్నీ నాకు ఇచ్చాడనుకుంటున్నావా? మా అమ్మాయి నాతో మాట్లాడి ఏళ్లయింది. నేనిక్కడికి వచ్చేస్తూ దాన్ని హాస్టల్లో వదిలానని కోపం. రోజూ అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు."

ఇన్నాళ్లూ గోడ అవతల వినబడే దేవుడితో ఆ తగువు దేని గురించో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి కోసం నేనూ అడుగుతున్నాను. మా ఆయన కూడా కూర్చుంటారు.

మొన్న ప్రార్థన అయ్యాక అక్క కూతురికి ఫోన్ చేసింది. మేమిద్దరం పక్కనే కూర్చున్నాం. ఎత్తలేదు. అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుని మా వైపు తిరిగింది.

"ఇదివరకు రింగు మొదలవగానే కట్ చేసేది. ఈసారి చివరిదాకా మోగనిచ్చింది, చూశారా?" అంది.