మూలనున్న ఇటుకల ఇల్లు

కొండ మెట్లు సగం ఎక్కేసరికి కాపలాదారు బంగార్రాజు గారు కనిపించారు. పైన శివాలయం, దాని పునాది కింద ఎప్పటిదో బౌద్ధుల ఆరామం; ఆ శిథిలాలకే ఆయన కాపలా. ఒకరు వదిలిన గోడ మీదే ఇంకొకరు దీపం పెట్టుకుంటారు కదా. సొంతిల్లు కావాలని మొక్కుకునేవాళ్లు ఆ పాత ఇటుకలనే బొమ్మరిళ్లుగా పేర్చి పోతారు. వంగని మోకాలితో నేల మీద జరుగుతూ, ఆయన రోజూ వాటిని విప్పి మళ్లీ గోడ వరసలో సర్దుతారు. మూలనున్న ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"దాన్ని వదిలేశారేంటండీ?" అని అడిగాను.

"మా ఆవిడ పేర్చిందండి. పదకొండేళ్లయింది. అద్దింట్లోనే పోయింది. ఇవాళ్టితో నా డ్యూటీ అయిపోద్దండి. రేపొచ్చే కొత్తాయన చేత్తో ఎందుకని..."

ఆ బొమ్మరింటినీ విప్పి, ఒక్కో ఇటుకనూ తువ్వాలుతో తుడిచి గోడలో పెట్టారు. చివరిదాన్ని కాసేపు ఒళ్లో ఉంచుకున్నారు. తర్వాత దాన్నీ పెట్టేసి, వస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోయారు.