నర్సు సీటు కోసం రెండో చలికాలం

హెలికాప్టర్ దిగేసరికి మంచుకొండ మీది సైనిక పోస్టులో ఎండ కాస్తోంది. ఆ ఎండలో వేడి లేదు. బూట్ల కింద మంచు పెళపెళ విరిగింది. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మందుల సంచి, ఆక్సిజన్ సిలిండర్లు నా బాధ్యత. అల్లవరంలో రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాణ్ణి. ఆ కొండ ఎత్తులో నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చింది.

మా డాక్టరు కింద బేస్‌లో ఉండేవారు. కెప్టెన్. కొత్తపేట మనిషి. పైకి ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు, మిగతాదంతా రేడియోలోనే. మన వైపు మాట వినపడిందని పొంగిపోయాను.

మొదటి చలికాలం అయిపోయింది. నేను దిగిపోవాల్సిన వారంలో ఆయన పైకి వచ్చి బంకర్‌లో నా పక్కన కూర్చున్నారు. అసిస్టెంట్లు చేసిన సర్వీసును చదువు కింద లెక్కేసి, తక్కువ కాలంలో పూర్తి నర్సును చేసే కోర్సులో సీట్లు వస్తున్నాయన్నారు. పేర్లు తానే పంపాలన్నారు. ఇంకో చలికాలం ఉంటే నా పేరే ముందుంటుందన్నారు.

"మా ఆవిడకి నెలలు నిండుతున్నాయండి," అన్నాను.

"నర్సువై వెళ్తే ఆవిడకీ మంచిదే కదోయ్."

ఉండిపోయాను. ఫోన్ కలిసిన రోజు కరుణకి చెప్పాను. పురిటికి వాళ్లమ్మగారింటికి వెళ్తానంది. పాప పుట్టిన కబురు రేడియోలో వచ్చింది.

జనవరిలో మంచు తుఫాను పట్టుకుంది. మా రేడియో ఆపరేటర్, పంజాబీ, పొద్దున దగ్గుతూ లేచాడు. కఫంలో ఎర్రటి నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అలాంటివాణ్ణి వెంటనే కిందికి దించాలి. ఆ గాలిలో హెలికాప్టర్ రాదు. మిగిలింది గాలి సంచి. మనిషిని లోపల పడుకోబెట్టి, జిప్పు వేసి, కాలి పంపుతో గాలి కొడుతూ ఉంటే లోపల వత్తిడి పెరుగుతుంది. కిందికి దించినంత పని చేస్తుంది. కానీ కాలు ఆపకూడదు.

వంతులు వేసుకున్నాం. ఒక్కొక్కరూ కూలబడుతుంటే వాళ్ల వంతు కూడా నేనే తీసుకున్నాను. మధ్యాహ్నానికి మోకాళ్ల కింద స్పర్శ లేదు. అప్పుడు రేడియోలో కెప్టెన్ గొంతు.

"ఆపకు. నీ పేరు పంపించేశాను. సీటు వచ్చేసినట్టే. ఓవర్."

"ఆయ్," అన్నాను. అంతకన్నా ఊపిరి లేదు.

మర్నాడు మబ్బు విడింది. వాణ్ణి ప్రాణాలతో కిందికి పంపాం.

వేసవిలో కెప్టెన్ సైన్యం వదిలేసి వెళ్లారు. కొత్త డాక్టరును సీటు సంగతి అడిగాను. పైవాళ్లను కనుక్కుని వచ్చి, అలాంటి సీట్లు మా యూనిట్‌కు ఎన్నడూ రాలేదన్నాడు. ఎవరు చెప్పారని నన్నే అడిగాడు.

సర్వీసు ముగించుకుని అమలాపురంలో బస్సు దిగాను. పాప నన్ను చూసి కరుణ మెడ వెనక ముఖం దాచుకుంది. ఆ వారమే, సర్వీసు లెక్కలోకి తీసుకుంటారేమోనని నర్సింగ్ కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీ వేయించారు.

"మీ సర్వీసు గొప్పదేనండి. కానీ మొదటేడాది నుంచే చేరాలండి. దానికి మీకు వయసు దాటిపోయిందండి."

కెప్టెన్ కొత్తపేటలో ఆసుపత్రి పెట్టుకున్నారని తెలిసి వెళ్లాను. చూడగానే గుర్తుపట్టారు. టీ తెప్పించారు. నన్ను ఎందుకు ఉండమన్నారని అడిగితే, ఇంకెవరూ ఉంటామనలేదన్నారు. మరి తుఫాను రోజు పేరు పంపానని ఎందుకు చెప్పారన్నాను.

"నువ్వు కాలు ఆపితే వాడు పోతాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా?"

"చెప్పకపోయినా ఆపేవాణ్ణి కాదండి."

"అది నాకెలా తెలుస్తుందోయ్?"

టీ ముట్టకుండా లేచి వచ్చేశాను. సీటు పోవడం ఎలాగో ఓర్చుకున్నాను. అన్నాళ్లు నాతో పని చేయించుకుని కూడా, ఆశ చూపిస్తే తప్ప తోటివాణ్ణి బతికించని మనిషిననుకున్నారు. అది మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఒక క్లినిక్‌లో కట్లు కడుతున్నాను. నర్సు అని ఎవరూ పిలవరు.

ఆ గాలి సంచికి ముఖం దగ్గర చిన్న ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది. వాడి ఊపిరికి అది మసకబారేది. తేటపడేది. మళ్లీ మసకబారేదాకా నేను కన్నార్పకుండా చూస్తూ, కాలు తొక్కుతూ ఉండేవాణ్ణి. ఏ పనిలో ఉన్నా, ఇప్పటికీ కళ్ల ముందుకొచ్చేది ఆ కిటికీయే.