మిణుగురక్క నోటుపుస్తకం

రేడియోలు బాగుచేసే ఆవిడను వీధిలో అందరూ మిణుగురక్క అనేవారు. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఆమె చేయించేది ఒకటే: రెండు ఎల్‌ఈడీ దీపాలు వంతులవారీగా మిణుకుమనే చిన్న సర్క్యూట్.

పన్నెండేళ్లు ఆ పాఠాలన్నీ ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకుంది. బొమ్మలో రెండు తీగలు కలిసేచోట చుక్క పెట్టేది. కలవకుండా దాటేచోట చిన్న వంపు గీసి, పక్కనే "వంతెన మీద బండి, కింద పడవ" అని రాసేది.

శిక్షణ కేంద్రంలో మాస్టారుగా చేరిన తమ్ముడు ఆ పుస్తకం అడిగాడు. పని నేర్పింది తానే కదా అని మురిసిపోతూ ఇచ్చింది. పది రోజులన్నవాడు ఏడాదైనా తిరిగివ్వలేదు. అడిగితే, "ఎక్కడికి పోతుందక్కా, బీరువాలో భద్రంగా ఉంది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఫ్యాన్లు బాగుచేసే ఆయన ఒక అచ్చు పుస్తకం, ఒక బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఉన్నది ఉన్నట్టే అతికించానక్కా. రెండు దీపాలూ వెలిగి కూర్చున్నాయి. మిణుకుమనడం లేదు."

పేజీలో బండీ, పడవా కనబడ్డాయి. అట్ట మీద తమ్ముడి పేరు. ముందుమాటలో "ఇది నా పన్నెండేళ్ల ఒంటరి కృషి" అని ఉంది. ఆమె ఆ ముక్క రెండుసార్లు చదివింది. తర్వాత బొమ్మ చూసింది. వంపు ఉండాల్సిన చోట చుక్క ఉంది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని వాడు నేర్చుకున్నది ఇదా అనుకుంది.

"ఇక్కడ కలపకూడదు" అని అతుకు ఊడదీసి, తీగను విడిగా వేసింది. దీపాలు వంతులేసుకుని వెలిగాయి. ఆయన సంతోషంగా వెళ్లాడు. పుస్తకం ఎవరిదో ఆమె చెప్పలేదు.

మర్నాడు తమ్ముడింటికి వెళ్లింది.

"దీపం మిణుకుమనడం మనం కనిపెట్టామా అక్కా? ఏ పుస్తకంలోనైనా ఉంటుంది" అన్నాడు.

"సర్క్యూట్ నాదని నేననలేదు. బండీ పడవా ఏ పుస్తకంలో ఉన్నాయో చూపించు."

మరదలు మంచినీళ్ల గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"నా నోటుపుస్తకం ఇచ్చెయ్."

"ప్రెస్సువాళ్లు కాగితాలు విడదీశారక్కా. అట్టలే ఉన్నాయి." గ్లాసు ఆమె వైపు జరిపి, "బొమ్మల్లో తప్పులున్నాయని ఉత్తరాలొస్తున్నాయి. మళ్లీ వేసేముందు నువ్వోసారి దిద్దిపెట్టవూ?" అన్నాడు.

అయినా దిద్దింది. పదకొండు బొమ్మలు, ఎర్ర పెన్నుతో. నేర్చుకునేవాళ్లేం పాపం చేశారనుకుంది.

కొత్త ముద్రణలో ఆ దిద్దుబాట్లన్నీ ఉన్నాయి. ముందుమాటలో బైండింగు చేసినవాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. అక్క మాట ఎక్కడా లేదు.

ఆ తర్వాత ఆమె తమ్ముడి గడప తొక్కలేదు. వాడు ఫోను చేస్తే "పనిలో ఉన్నాను" అని పెట్టేసేది. పాఠాలు మానలేదు గానీ, బొమ్మలు సుద్దముక్కతో బల్ల మీదే గీసి, అర్థమైందనగానే అరచేత్తో తుడిచేసేది.